ప్రేమకి స్టైపెండ్ ఉండదా?

ఏ.ఎస్. రావు నగర్‌కి ఆ పేరు ఈసీఐఎల్ వ్యవస్థాపకుడి వల్ల వచ్చింది. ఇక్కడ అప్రెంటిస్ అనగానే బీటెక్, డిప్లొమా, ఐటీఐ గుర్తొస్తాయి, బీఏ గుర్తురాదు. కానీ 1961 నాటి అప్రెంటిస్ చట్టం 2014 సవరణతో ఇంజినీరింగేతర డిగ్రీలకీ తలుపు తీసింది. 2019 నిబంధనలైతే డిగ్రీ అప్రెంటిస్‌కి నెలకి కనీసం 9,000 రూపాయలివ్వమన్నాయి.

మరి మనం? నేను పనిచేసిన ఓ కంపెనీలో తెలుగు యాప్ కోసం బీఏ అమ్మాయిని తీసుకున్నారు. "చెల్లుబాటు అయ్యే సంఖ్యను ప్రవేశపెట్టండి" అన్నదాన్ని ఆమె "ఫోన్ నంబర్ సరిచూసుకోండి" అని మార్చింది. మూడు నెలలకి దక్కింది ఒక సర్టిఫికెట్. పక్క సీట్లో కోడ్ నేర్చుకుంటున్న బీటెక్ కుర్రాడికేమో నెలనెలా స్టైపెండ్. నేనూ నోరెత్తలేదు.

భాష మీద ప్రేమ ఉన్నవాళ్లకి డబ్బెందుకంటారు. కోడ్ మీద ప్రేమతో మనమెవరం ఊరికే పనిచెయ్యలేదే! తెలుగు చచ్చిపోతోందని సభల్లో బాధపడే మేనేజర్లూ, ముందు ఆ పిల్లలకి డబ్బులివ్వండి.