ఒక మూల కుంగిన బండి



ఈ నెల ఒక బండి సంగతి చెప్పాలనుకుంటున్నాను. సంఘ పత్రికలో బండి గొడవ ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. దయచేసి చివరివరకు చదవండి. ఇది నేను గొప్పగా చెప్పుకొనే సంగతి కాదు. అయినా చెబితే మరొక కుటుంబానికి మేలు జరుగుతుందని నా భార్య అన్నది గనుక వ్రాస్తున్నాను.

మా సంఘములో పెరిగి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక సహోదరుడు 2021లో కుటుంబంతో కెనడా వెళ్తూ తన బండిని నాకు కానుకగా ఇచ్చారు. మామూలు బండి కాదు. 2009 నాటి విదేశీ కంపెనీ ఎస్.యు.వి. తోలు సీట్లు, అద్దపు పైకప్పు. తలుపు వేస్తే బీరువా మూసినంత నిండైన శబ్దం. కొత్తలో అర కోటికి పైబడిన బండి. “అయ్యగారూ, ఎండనక వాననక స్కూటరు మీద తిరుగుతున్నారు. ఇప్పుడు అమ్మితే ఐదారు లక్షలు కూడా రావు. మీ సేవకు పనికి రానివ్వండి” అన్నారు. ఆ సహోదరుని ప్రేమలో ఏ లోపమూ లేదు. ఇప్పటికీ ఆయనకు నేను కృతజ్ఞుడను.

ఆదివారం ఆరాధన తరువాత పెద్దలు బండి చుట్టూ నిలబడి ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. యౌవనస్థులు ఫొటోలు తీశారు. నేను లోపల కూర్చుని, స్టీరింగు మీద చేతులు వేసుకుని, ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు.

మొదటి ఖర్చు రవాణా కార్యాలయంలోనే ఎదురైంది. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని 12 నెలలు మించి మన దగ్గర ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. అక్కడినుండి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. ఉచితంగా వచ్చిన కానుకకు నేను అప్పు చేసి పన్ను కట్టాను. అప్పుడైనా కళ్లు తెరవవలసింది.

ప్రియులారా, ఇటువంటి బండి విషయంలో మనకు తెలియని సత్యం ఒకటి ఉన్నది. ఏండ్లు గడిచేకొద్దీ బండి ధర తగ్గుతుంది గాని దాని ఆకలి తగ్గదు. అర కోటి బండి ఐదు లక్షలకు దిగవచ్చు. దాని బ్రేకు ప్యాడ్లు, టైర్లు, గేర్‌బాక్సు నూనె మాత్రం ఇంకా అర కోటి బండివే. పైగా వయసు మీరేకొద్దీ అవి తరచుగా కావలసివస్తాయి. బండి బరువు రెండు టన్నులు దాటుతుంది గనుక టైర్లు, బ్రేకులు చిన్న కారులో కన్నా త్వరగా అరుగుతాయి. లీటరు డీజిలుకు ఏడెనిమిది కిలోమీటర్లు వస్తే గొప్ప. నా నెల జీతం అప్పట్లో 22,000 రూపాయలు.

ఈ జాతి బండ్లు మొదట విలాసానికి పుట్టినవి కావు. ఇంగ్లండులో 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ లోపల ప్లాస్టిక్కు, రెక్సిను సీట్లు ఉండేవి. బురద పడితే నీళ్లపైపు పెట్టి కడుక్కొనేవారు. తోలు, కర్ర నగిషీ, మీటలతో కదిలే సీట్లు ఒక్కొక్కటిగా తరువాత చేరాయి. 1992లో ఇనుప స్ప్రింగుల స్థానంలో గాలి తిత్తులు కూడా వచ్చాయి. ఆ తరువాత ఇతర కంపెనీలూ ఆ దారి పట్టాయి. నాకు వచ్చిన బండి వేరొక కంపెనీది గాని, ఈ తిత్తులు దానికీ ఉన్నాయి. ఒక్కొక్క సుఖం చేరినప్పుడల్లా చెడిపోవడానికి మరొక వస్తువు చేరుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ తిత్తుల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. చక్రానికొకటి చొప్పున నాలుగు రబ్బరు తిత్తులు ఉంటాయి. మెకానిక్కులు వాటిని బెలూన్లంటారు. ఒక చిన్న కంప్రెసరు వాటికి గాలి అందిస్తుంది. బండి ఎంత ఎత్తులో ఉన్నదో చూసే సెన్సార్లు ఉంటాయి. ఒక మూల తగ్గితే కంప్రెసరు దానికి గాలి పంపి మరల సమం చేస్తుంది. రబ్బరుకు వయసు మీరితే మడతల దగ్గర సన్నని పగుళ్లు వస్తాయి. పగలు బండి తిరుగుతున్నంతసేపు ఏమీ తెలియదు. రాత్రి నిలిపి ఉంచినప్పుడు గాలి కొద్దికొద్దిగా పోతుంది. తెల్లవారేసరికి బండి ఒక మూల కుంగి ఉంటుంది.

నా బండి ఆరు నెలల తరువాత అలాగే కుంగడం మొదలుపెట్టింది. ఎడమవైపు ముందు చక్రం దగ్గర. ఇంజను ఆన్ చేస్తే కాసేపటికి లేచేది. “బాగానే ఉందిలే” అనుకొనేవాణ్ణి. రెండు నెలలకు లేవడానికి ఎక్కువ సేపు పట్టసాగింది. సంఘస్థులు చూడకముందే బండి లేచి ఉండాలని ఆదివారం తెల్లవారుజామునే వెళ్లి ఇంజను ఆన్ చేసి ఉంచేవాణ్ణి. ప్రార్థనకు లేవవలసిన గడియలో నేను బండిని లేపుతున్నాను!

ఇంతలో మరొక కుంగుబాటు జరుగుతున్నది. మా అమ్మాయి నర్సింగు కాలేజీ ఫీజు కొరకు బ్యాంకులో దాచిన సొమ్ములోనుండి బ్యాటరీకి, రెండు టైర్లకు, ఏ.సి. మరమ్మతుకు కొంచెం కొంచెంగా 60,000 రూపాయలు తీశాను. వచ్చే నెల తిరిగి వేద్దామనుకున్నాను. నా భార్యకు చెప్పలేదు.

పేటలో గృహప్రార్థనలు కూడా తగ్గాయి. ఆ సందులలోకి బండి పట్టదు. డీజిలు ఖర్చుకు భయపడి రెండు ఊళ్లు ఒకే రోజున ముగించడం మొదలుపెట్టాను. ఒక వృద్ధురాలు, పేదరాలు, ఒక సాయంత్రం ఇలా అన్నది: “అయ్యగారూ, బండి లేనప్పుడు మా అరుగు మీద కూకుని టీ తాగి పోయేవోరు. ఇప్పుడు చింతచెట్టు కాడే ప్రార్థన చేసేసి పోతన్నారు.” ఆమె నిందించలేదు. ఉన్నమాట అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడవ రోజున బండి లేవలేదు. కంపెనీవారి వర్క్‌షాపులో రెండు బెలూన్లకు, కంప్రెసరుకు కలిపి 2,40,000 రూపాయలకు ఎస్టిమేటు వ్రాసి ఇచ్చారు. లారీ మీద వేయించి విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువెళ్లాను. అక్కడ ఒక పెద్దవయసు మెకానిక్ భాయ్ సబ్బు నురగ తెచ్చి బెలూను మడతల మీద రాశారు. బయటి గాలిగొట్టంతో గాలి పట్టగానే పగులు ఉన్నచోట బుడగలు లేచాయి. తరువాత కంప్రెసరు విప్పి, మాడిపోయిన వాసన నన్ను చూడమన్నారు.

“సార్, కంప్రెసరు మంచిదే. బెలూను లీకయ్యింది. ఆ లీకు బయటికి కనబడకుండా ఇది రోజూ ఆగకుండా కొట్టి కొట్టి మాడిపోయింది. మొదట కుంగిన రోజే వచ్చి ఉంటే ఒక్క బెలూనుతో పోయేది” అన్నారు.

ప్రియులారా, నేను అనేకసార్లు ప్రసంగించాను గాని, ఆ నూనె మరకల నేల మీద నాకు ప్రసంగం చెప్పినవాడు ఆ మెకానిక్కే. పాత తిత్తులను గురించి మన ప్రభువు చెప్పిన ఉపమానం (మత్తయి 9:17) గుర్తుకు వచ్చింది. వయసు మీరిన తిత్తి ఒత్తిడికి తాళదు. అంతకన్నా సొలొమోను మాట నన్ను పొడిచింది. తప్పును కప్పిపుచ్చుకొనేవానికి అభివృద్ధి లేదనీ, ఒప్పుకొని మానుకొనేవానికి కనికరం ఉన్నదనీ ఆయన బోధించాడు (సామెతలు 28:13). కుంగిన మూలను దాచడానికి నేను రాత్రింబగళ్లు పనిచేస్తున్నాను. మాడిపోతున్నది నేనే.

ఆ రాత్రి ఇంటికి వచ్చి బ్యాంకు పుస్తకం నా భార్య ముందు పెట్టాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత “డబ్బు పోయినందుకు కాదండీ, నాతో చెప్పనందుకు” అన్నది. ఇద్దరం మోకరించాము. మరుసటి వారం సంఘ కమిటీ ముందు కూడా అంతా చెప్పాను. ఒక పెద్ద, “మేమూ ఆ రోజు ఫొటోలు దిగామే గాని, అయ్యగారికి డీజిలు ఎక్కడిదని అడగలేదు” అన్నారు. కెనడాలోని సహోదరునికి ఫోను చేస్తే, “నేను భారం తగ్గిద్దామనుకొని పెంచాను. మీకు మంచిదని తోచినట్లు చేయండి అయ్యగారూ” అన్నారు.

85,000 రూపాయలతో ఆటోనగర్‌లోనే బాగుచేయించి, 2023లో బండిని అమ్మివేశాను. కొనడానికి వచ్చినవారికి మరమ్మతు బిల్లులన్నీ చూపించాను. కుడివైపు బెలూన్లు పాతవేనని, రిజిస్ట్రేషను 15 ఏండ్లు త్వరలో నిండుతుందని చెప్పాను. అందువలన ధర తగ్గింది. తగ్గనివ్వండి. తప్పుడు త్రాసు దేవునికి అసహ్యమని నేర్పేవాడు లీకైన బెలూనును దాచి అమ్మరాదు. వచ్చిన డబ్బుతో అప్పు తీర్చి, మా అమ్మాయి ఫీజు బ్యాంకులో తిరిగి వేసి, ఒక చిన్న పాత కారు కొన్నాము. సందులోకి అది కూడా పట్టదు. గనుక పేటకు స్కూటరు మీదే వెళ్తున్నాను.

పాత పెద్ద బండి కొనడం పాపమని నేను చెప్పడం లేదు. మా ప్రాంతంలో ఒక డాక్టరుగారు పదిహేనేండ్ల ఎస్.యు.వి.ని చక్కగా నడుపుతున్నారు. ఆయన ఒక నోటుపుస్తకంలో ప్రతి మరమ్మతు తేదీతో వ్రాసుకుంటారు. బండి కొరకు నెలనెలా కొంత వేరుగా తీసిపెడతారు. వారి పద్ధతి చూసి, నా తప్పుల వలన నేర్చుకొన్నవి కూడా కలిపి కొన్ని సలహాలు వ్రాస్తున్నాను.

మొదటిది, కొనేముందు బండిని రాత్రంతా కదలకుండా నిలిపి, ఉదయం ఇంజను ఆన్ చేయకముందే చూడండి. నాలుగు మూలలు సమంగా ఉన్నాయో లేదో కొలవండి. అమ్మేవారు మీరు రాకముందే ఇంజను వేడి చేసి ఉంచితే అనుమానించండి.

రెండవది, కాగితాలు చూడండి. సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏండ్లు. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే 5 ఏండ్లకొకసారి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుండి ఆ పొడిగింపు రుసుము కారుకు 5,000 రూపాయలు, దిగుమతి చేసుకొన్న కారుకు 40,000 రూపాయలు అయింది. 20 ఏండ్లు దాటిన బండ్లకు 2025లో ఇంకా పెంచారు. ఢిల్లీ ప్రాంతంలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. దాని అమలులో తరువాత మార్పులు వచ్చాయి గాని, అటువంటి బండ్లు ఇతర రాష్ట్రాలకు చౌకగా వచ్చాయి. చౌక ఎందుకో తెలిసికొని కొనండి.

మూడవది, ద్రవాలను నిర్లక్ష్యం చేయకండి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేండ్లకొకసారి మార్చాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె జీవితాంతం ఉంటుందని కొందరంటారు. అయితే గేర్‌బాక్సులు చేసే జర్మనీ సంస్థ జెడ్.ఎఫ్. వారే 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల లోపు లేదా 8 ఏండ్లకు మార్చమంటున్నారు. టైరు మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. అరగకపోయినా ముసలిదైన టైరు ప్రమాదమే.

నాలుగవది, బీమా మీద ఆధారపడకండి. యంత్రం తనంతట తాను చెడితే మామూలు బీమా వర్తించదు. ప్రమాదం జరిగినా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే వస్తుంది.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పారు (లూకా 14:28). ఆ లెక్కకు ఒంటరిగా కూర్చోకండి. భార్యాభర్తలు కలిసి కూర్చోండి. పిల్లల ఫీజు, ప్రభువు భాగం, పెద్దల మందులు తీసివేసిన తరువాత మిగిలిన దానిలో నుండే బండి తినాలి. కానుక ఇచ్చే సహోదరులారా, మీరు కూడా బండితోపాటు దాని మేతను గూర్చి ఆలోచించండి.

మీ ఇంటిలో ఈ ఉదయం ఏ మూల కుంగి ఉన్నది? అది బండి కాకపోవచ్చు. చెప్పని అప్పు కావచ్చు, మాట్లాడని మాట కావచ్చు. పైకి లేపి చూపించడానికి అలసిపోకండి. కుంగినప్పుడే ఇంటివారికి చూపించండి, ప్రభువు సన్నిధిలో చూపించండి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మేము దాచినవాటిని నీవు ఎరుగుదువు. వెలుగులోనికి వచ్చే ధైర్యము మాకిమ్ము. ఉన్నదానితో తృప్తి కలిగి, ఒకరితో ఒకరు యథార్థముగా బ్రతుకు కృప మా కుటుంబములకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.