సోమరి యను ముద్ర

మన పాఠశాలలలో నొక విపరీతన్యాయము నడచుచున్నది. బాలుడు నల్లబల్లమీది పాఠమును తప్పులతో దింపుకొనును. చదువుచు వరుస తప్పును. ఏండ్లు గడచినను ‘వ’ను ‘ప’ యనును. పెద్దలు కంటివైద్యునియొద్దకు తీసికొనిపోవుదురు. దృష్టి చక్కగా నున్నదని వైద్యుడు వ్రాసియిచ్చును. ఆ చీటియే బాలుని పాలిటికి నేరపత్రమగుచున్నది. కండ్లు బాగున్నవి గావున వీడు సోమరి యని తీర్పు చెప్పుచున్నారు!

ఈ తీర్పు శాస్త్రవిరుద్ధమని మేము చెప్పుచున్నాము. వైద్యశాల గోడమీద క్రమక్రమముగా చిన్నవగు అక్షరముల పట్టికను హాలెండు నేత్రవైద్యుడు స్నెల్లెన్ 1862లో కల్పించెను. దూరమునుండి ఎంత చిన్న యక్షరమును గుర్తింపగలమో అది కొలుచును, అంతకుమించి కొలువదు. కన్ను తెచ్చిన ప్రతిబింబమునుండి అర్థము కూర్చునది మెదడు. రూపమునుండి రూపమును వేరుచేయుట, కిక్కిరిసిన పుటలో కావలసిన వరుసను పట్టుకొనుట, చూచినదానిని చేతికందించుట మెదడు పనులు. నెలలు నిండక పుట్టిన శిశువులలోను, పుట్టుకవేళ ప్రాణవాయువు చాలనివారిలోను ఇవి కుంటుపడుట కలదు. మన లిపిలో ‘వ’కును ‘ప’కును భేదము తలకట్టు అంటియుండుటయు విడియుండుటయు మాత్రమే, ‘ద’కును ‘ధ’కును భేదము అడుగునున్న చిన్న గీటే. ఇట్టి సూక్ష్మభేదములు పట్టువడనివానికి పుట పుటయు నొక చిక్కుముడి కాదా?

అక్షరములు తారుమారు చేయు ప్రతి బాలునకును ఈ లోపమే యున్నదని మేమనము. తొలినాళ్ల నందరును పొరబడుదురు. కొందరికి అక్షరమునకు ధ్వనిని ముడివేయుటయే కష్టము. కావుననే నిపుణుల పరీక్ష యావశ్యకము. కాని చదువులోని లోపమును కుదుర్చునని రంగు అద్దములు అమ్మువారికి తల్లిదండ్రులు సొమ్ము ధారపోయవలదు. వానికి తగిన నిదర్శనము లేదని అమెరికాలోని శిశువైద్య నేత్రవైద్య సంఘములు 2009లో ఏకముగా ప్రకటించినవి.

“నిర్ణయపత్రము రానిండు, అప్పుడు చూతము” అను ఉపాధ్యాయులు కొందరు కలరు. నిపుణులు దొరకుటకు నెలలు పట్టును. పల్లెలలో నింకను ఆలస్యమగును. అంతవరకు బాలుడు దెబ్బలు తినుచుండవలెనా? శారీరకదండనమును 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. అభ్యసనలోపములను సాధ్యమైనంత త్వరగా గుర్తించి తగిన బోధనోపాయములు చేయవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విద్యాసంస్థలను శాసించినది. గుర్తించుట మన పనియైనప్పుడు, గుర్తింపబడలేదని బాలుని శిక్షించుట ఎట్టి ధర్మము?

చేయవలసినదానికి ధనమక్కరలేదు. బాలుని బల్లకు చేరువగా కూర్చుండబెట్టుడు. దింపుకొను పని తగ్గించి, పాఠమును పెద్ద యక్షరములతో, ఎడముగా వ్రాసియిండు. ఒక వరుస మాత్రమే కనబడునట్లు అట్టముక్కకు సందు కోసి పుటపై నుంచుడు. వెడల్పు గీతల పుస్తకమిండు. తెలిసినదానిని నోట చెప్పనిండు; వ్రాతకు అదనపు కాలమొసగుడు. ఎచ్చట ఎట్లు పొరబడుచున్నాడో తేదీలతో వ్రాసి యుంచుడు. నిపుణునకు మీ మాటకంటె ఆ వ్రాత యెక్కువ యుపకరించును. లోపము లేదని పిమ్మట తేలినను, ఇందువలన చెడిపోవు బాలుడెవ్వడును లేడు. సోమరి యను మాటయో, వినగా వినగా బాలుడే దానిని నమ్మును. అట్లు నమ్మినవాడు చదువును విడుచును.

ఉపాధ్యాయ సోదరులారా! చూడగానే నేర్చువానికి మన యవసరము కొంచెమే. చూచియు పోల్చుకొనలేనివానికే మనము కావలెను. వానిని గద్దించుటకు జీతమేల?