పట్టిన చేపను విడుచుట

దిల్‌సుఖ్‌నగర్, కర్మన్‌ఘాట్ ప్రాంతములలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇండ్లు అనేకము. అట్టి ఇంటివాడు, నా పూర్వ విద్యార్థి యొకడు, ఇటీవల టెక్సాసు నుండి తన తండ్రికి ఒక ఛాయాచిత్రము పంపినాడు. అతని రెండు చేతులలో పెద్ద బాస్ చేప. పట్టి, తూచి, మరల సరస్సులో విడిచినానని క్రింద వ్రాసినాడు. మా వీధిలోనే ఉండు ఆ తండ్రి దానిని నాకు చూపి నవ్వినాడు. “సార్, పొద్దంతా ఎండల నిలబడి పట్టిండట, మళ్ల నీళ్లల్ల ఇడిసిపెట్టిండట! దీన్ని తెలివి అంటరా, దయ అంటరా?”

నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ ప్రశ్న మాత్రము కొన్నాళ్లు నన్ను విడువలేదు.

బాస్ అమెరికాలోని మంచినీటి చేప. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రములో జార్జి పెర్రీ అను రైతు యువకుడు 22 పౌనుల 4 ఔన్సుల బాస్‌ను, అనగా సుమారు పది కిలోల చేపను, పట్టినాడు. అవి ఆర్థిక మాంద్యపు దినములు. ప్రపంచ ఖ్యాతి గాంచిన ఆ చేపను ఇంటిల్లిపాదియు వండుకొని తిన్నారు. దానిని తప్పనుటకు నాకు నోరాడదు. ఆకలిగొన్నవాని గాలమునకు వినోదపు నీతులు వర్తింపవు. కాలక్రమమున గాలపు వేట వినోదముగా మారినది. 1972లో రే స్కాట్ అను నిర్వాహకుడు తన పోటీలలో చేపలను ప్రాణముతో విడుచు పద్ధతిని ప్రవేశపెట్టినాడు. టెక్సాసులో 1986లో మరియొక ఏర్పాటు మొదలైనది. 13 పౌనులకు తక్కువ కాని బాస్ చిక్కినవాడు దానిని ప్రభుత్వ మత్స్యకేంద్రమునకు ఎరువిచ్చును. అక్కడ దానిచేత పిల్లలు పెట్టించి సరస్సులలో విడుచుదురు. పెద్ద చేప వారికి విత్తనపు గింజ వంటిది.

అయితే ఇదే చేప జపానుదేశపు బీవా సరస్సులో పరాయిది. 2009లో పెర్రీ చేపకు సరిసమానముగా గుర్తింపు పొందిన బాస్ అక్కడనే దొరికినది. అది స్థానిక మత్స్యములను భక్షించుచున్నందున, పట్టిన బాస్‌ను మరల నీటిలో విడువరాదని షిగా ప్రాంత ప్రభుత్వము 2003 నుండి నిషేధము విధించినది. ఒకే చేప, ఒక నీట దానిని విడుచుట ధర్మము, మరియొక నీట విడువకుండుట ధర్మము! కనుక చేపను మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. నీటిని కూడ చూడవలెను.

ఈ దృష్టితో మన చెరువులను పరికింతము. బొచ్చె, రోహు మొదలగునవి వర్షకాలపు నదీప్రవాహములో గుడ్లు పెట్టు చేపలు. నిలువనీటిలో అవి సంతానము కనవు. 1957 జూలై 10న కటకములో హీరాలాల్ చౌధురీ అను శాస్త్రజ్ఞుడు గ్రంథిరసపు సూదిమందుతో ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడైనాడు. నేడు మన చెరువులలో ఏటేట విడుచు చేపపిల్లలు ఆ విద్య ప్రసాదించినవే. అట్టి చెరువులోని బొచ్చె మత్స్యకారుల సంఘము నాటిన పంట. వారి అనుమతితో పట్టి ఇంటికి తెచ్చుకొన్నచో చెరువునకు లోటు రాదు. ఇక మన దేశమున పెంపకము నిషేధింపబడిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ గాలమునకు చిక్కినపుడు దానిని జాలితో విడుచుట, చెరువులోని తక్కిన చేపలన్నిటికిని ద్రోహము.

కొరమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన ఈ చేప మన చెరువులలోనే, తొలకరి నాళ్లలో, ఒడ్డు దగ్గరి గడ్డిలో గుడ్లు పెట్టును. గుడ్లను, పిమ్మట పిల్లలను కొన్ని వారములపాటు కాచి కాపాడును. మృగశిరనాడు చేప తినుట మన ఆచారము. దానిని మానుమని నేననను. కాని ఆ కార్తెతోనే కొరమీను కాన్పుల కాలము మొదలగునని మనము పిల్లలకు చెప్పుట లేదు.

నాకును ఎవరును చెప్పలేదు. నాకు పదియేండ్లున్నపుడు, ఆరుద్ర కార్తెలో, మా ఊరి చెరువులో ఎర్రని కొరమీను పిల్లల గుంపొకటి నీటిపై మిలమిల మెరయుచుండినది. గుంపు ఉన్నచోట పెద్దచేప ఉండునని మా చిన్నాయనకు తెలియును. కప్పను ఎరగా గుచ్చి ఆ గుంపు నడుమ గాలము వేసినాడు. పిల్లలపైకి శత్రువు వచ్చినదని తలచి, పెద్దచేప ఒక్క ఉదుటున వచ్చి దానిని కరచినది. ఆకలిచేత కాదు, కాపలాచేత చిక్కినది. దానిని నేనే రెండు చేతుల ఎత్తుకొని వాడవాడల చూపినాను. ఆ రాత్రి కూర కమ్మగా ఉన్నది. మూడవనాడు చెరువుగట్టునకు పోయి చూడగా ఎర్రని గుంపు లేదు. ఆ చోట రెండు కొంగలు నిలిచియున్నవి. నా విద్యార్థి చిత్రమును చూచినపుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినవి ఆ కొంగలే.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. కేవలము విడుచుట కొరకే చేప నోట ఇనుము గుచ్చుట హింస కాదా? జర్మనీలో తగిన కారణము లేక ఆ విధముగా వినోదించుట జంతుసంరక్షణ చట్టమునకు విరుద్ధముగా ఎంచుదురు. ఈ ఆక్షేపణను నేను త్రోసివేయజాలను. విడుచుటయే మొదటి ఉద్దేశ్యమైనచో గాలము వేయకుండుటయే ఉత్తమము. ఆహారమునకై వేసిన గాలమునకు విడువదగిన చేప చిక్కినపుడు విడుచుట వివేకము. అపుడును చేయి తడిపి పట్టవలెను. చిత్రము కొరకు దానిని నీటి వెలుపల ఎక్కువసేపు నిలుపరాదు. రక్తము కారుచు బ్రతుకజాలని చేపను విడిచి దయ చూపితినని మురియుటకంటె, ఇంటికి కొనిపోయి తినుట నిజాయతీ.

భాగవతము అష్టమస్కంధములో సత్యవ్రతుని కథ ఉపాధ్యాయులందరకు తెలిసినదే. దోసిటిలోనికి వచ్చిన చేపపిల్లను రాజు నదిలో విడిచినాడు. ఇచట పెద్దచేపలు నన్ను మ్రింగును, విడువకుమని అది వేడుకొన్నది. అపుడాతడు దానిని కమండలువులో ఉంచినాడు. అది పెరుగుచున్న కొలదియు నీటిపాత్రకు, కొలనునకు, సరస్సునకు, తుదకు సముద్రమునకు చేర్చినాడు. ఆ రాజు దయ విడుచుటతో ముగియలేదు. ఏ చేపకు ఏ నీరు తగునో వెదకుటలో అది పండినది.

ఆ తండ్రికి నేనిపుడు సమాధానము చెప్పగలను. మీవాడు చేసినది ఆ నీటికి తగిన పని. మన బడులు తెరచు జూన్ మాసములోనే మన చెరువులలో కొరమీను పిల్లలను కాచు దినములు ఆరంభమగును. పల్లెలలోని ఉపాధ్యాయులు ఒక్కనాడు పిల్లలను చెరువుగట్టునకు తీసికొనిపోయి, ఆ ఎర్రని గుంపును చూపి, దాని క్రింద ఎవరున్నారో చెప్పుదురుగాక. నా వయస్సు వచ్చిన పిదప తెలిసికొనుటకంటె పదియవ ఏట తెలిసికొనుట మేలు.