దాచినవాడు పిచ్చివాడా?



మొన్న మా ఇంటికి వచ్చిన పాత సహోపాధ్యాయులొకరు, మాటల సందర్భంలో లండనులో ఉన్న మా అల్లుడి ముచ్చట విని పెద్దగా నవ్వినారు. అల్లుడి ఇంట ఒక గోడ పొడవునా 'డాక్టర్ హూ' అనే పాత ఆంగ్ల టెలివిజన్ ధారావాహిక తాలూకు వీడియో క్యాసెట్లు, డీవీడీలు, బ్లూరేలు బారులు తీరి ఉన్నవి. ఒకే కథకు మూడేసి ప్రతులు! "ఎప్పటివో అట్టముక్కల రాకెట్ల కథలకు ఇంత సొమ్ము తగలేస్తాడా? అంతా జాలంలో దొరుకుతూంటే ఈ పోగేసుకోవడం పిచ్చి కాక మరేమిటండీ?" అని వారి ఆక్షేపణ. అతిథి గదా అని అప్పుడు మిన్నకున్నాను. ఇక్కడ మిన్నకుండవలసిన అగత్యం లేదు.

పిచ్చి ఎవరిదో తేలాలంటే ముందు జరిగినది చెప్పాలి. 1963 నవంబరు 23న, అంటే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన మరునాడు, బి.బి.సి. ఈ ధారావాహికను ఆరంభించినది. నీలిరంగు పోలీసు పెట్టెలో కూర్చుని కాలంలో ముందుకూ వెనుకకూ ప్రయాణించే ఒక వృద్ధుని కథ. మొదట విలియం హార్ట్‌నెల్, పిమ్మట పాట్రిక్ ట్రౌటన్ ఆ పాత్ర ధరించగా 1969 వరకు 253 భాగాలు నలుపు తెలుపులలో ప్రసారమైనవి. వాటి మూల వీడియో టేపులలో నేడు ఒక్కటి కూడా లేదు. 1967 మొదలుకొని ఒక్కొక్కటిగా చెరిపివేసినారు. దేశాంతరాలకు అమ్మడానికి తీసి ఉంచిన పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము ప్రతులను 1978 వరకు చెత్తలో పారవేసినారు. ఎవరు? దొంగలా, శత్రువులా? కారు. సాక్షాత్తు బి.బి.సి. వారే. కంచే చేను మేసినదనడానికి ఇంతకంటె ఉదాహరణ కావాలా?

వారి పక్షాన చెప్పే సమర్థనలు నేను ఎరుగనివి కావు. రెండంగుళాల వెడల్పుగల ఆ టేపు చాలా ఖరీదైనది, చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందం వల్ల పునఃప్రసారాలకు పరిమితి ఉండేది. రంగుల టెలివిజన్ వచ్చిన తరువాత నలుపు తెలుపు బొమ్మను కొనేవాడు లేడు. ఇంటింటా వీడియో యంత్రం ఉంటుందని అప్పటికి ఎవరూ ఊహించలేదు. సరే, టేపు సంగతి ఒప్పుకుందాము. పలక చెరిపి మళ్ళీ వ్రాసుకోవడం పేదవాని నీతి. మరి ఫిల్ము మాటేమిటి? ఫిల్మును చెరిపి మరొకటి ముద్రించలేము గదా! దానిని పారవేయడం వల్ల మిగిలినది బీరువాలో జానెడు చోటు తప్ప మరేమున్నది? ఈ ప్రశ్నకు ఖరీదు వాదం జవాబు చెప్పదు. అసలు జవాబు వేరే ఉన్నది. ఫిల్ము గ్రంథాలయం వారు, ఫిల్ముగా తీసినవే మా బాధ్యత, టేపు మాది కాదన్నారు. టేపులున్న ఇంజనీరింగు శాఖ వారు, భద్రపరచడం మా పని కాదన్నారు. విదేశాలకు అమ్మే శాఖవారు, అమ్మకపు గడువు తీరినవి మాకెందుకన్నారు. ప్రభుత్వ కార్యాలయాలలో పని చేసిన వారెవరికీ ఈ మూడు ముక్కలాట విడమరచి చెప్పనక్కరలేదు. బి.బి.సి. తొలిసారిగా భాండాగారపు ఎంపికకై సూ మాల్డెన్ అనే ఆమెను నియమించినది 1978లో. చేతులు కాలిన తరువాత ఆకులు!

"పోతే పోయినవి, పిల్లలు చూసుకునే చిల్లర కథలేగా" అనేవారున్నారు. మా సహోపాధ్యాయుల అంతరార్థమూ అదే. ఏది చిల్లరో నిర్ణయించే అధికారం ఏ తరానికి ఉన్నది? చాటువులను కాలక్షేపపు మాటలుగా చూసిన కాలం ఒకటున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటిని ఏరి కూర్చకపోతే మన నష్టమెంత? 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు వెలికి తెచ్చి అచ్చువేయించేవరకు నన్నెచోడుని కుమారసంభవము పండితలోకానికి దాదాపు అజ్ఞాతమే. తాతల తాటాకు కట్టలను భోగిమంటలో వేసిన మనుమల కథలు విన్నవాళ్ళం మనం, బి.బి.సి. వారిని చూసి నవ్వడానికి కూడా మనకు మొగం చాలదు. కనుక ఇది తెల్లవారి గోల అని తోసిపుచ్చకండి. డాలెక్‌లకూ నన్నెచోడునికీ పోలికా అని కోపగించేవారికి ఒకటే మనవి: నేను పోల్చుతున్నది కావ్యగుణాన్ని కాదు, పోగొట్టుకునే పద్ధతిని.

ఇక ఆ పోయినవాటిలో తిరిగి వచ్చినవి ఎలా వచ్చినవో చూడండి. హాంకాంగులోని ఒక టెలివిజన్ సంస్థ గిడ్డంగిలో 'ది టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్' నాలుగు భాగాలూ బయటపడినవి. 1992 మే నెలలో అవి వీడియో క్యాసెట్‌గా అంగళ్ళకు వచ్చినవి. 1999లో న్యూజీలండులో ఒక ఫిల్ము సేకర్త వద్ద ఒక భాగం. 2004లో పూర్వం బి.బి.సి.లో పనిచేసిన ఒక ఇంజనీరు తన వద్దనున్న భాగాన్ని తెచ్చి ఇచ్చినాడు. 2011లో బయటపడిన రెండు భాగాలు, ఒక విశ్రాంత ఇంజనీరు ఏనాడో ఒక బడి సంతలో కొన్న పాత ఫిల్ములలోనివి. అవి లోకంలో మరెక్కడా లేవన్న సంగతే ఆయనకు తెలియదు. 2013 అక్టోబరులో ఫిలిప్ మోరిస్ అనే అన్వేషకుడు నైజీరియాలోని జోస్ పట్టణపు టెలివిజన్ కేంద్రంలో పదకొండు భాగాలు దొరికినట్లు ప్రకటించినాడు. అందులో తొమ్మిది అంతవరకు పోయినవిగా లెక్కకు వచ్చినవి. అవి చేరిన పిమ్మట వేసిన లెక్కలో ఇంకా 97 మిగిలినవి. మార్కో పోలో కథ ఏడు భాగాలలో ఒక్కటీ లేదు.

అన్నిటికంటె విచిత్రం ఆస్ట్రేలియా సంగతి. అక్కడి సెన్సారువారు పిల్లలు జడుసుకుంటారని కొన్ని తునకలు కోసి పక్కన పెట్టినారు. ఆ తునకలు ప్రభుత్వ భాండాగారంలో పడి ఉండగా 1996లో బయటపడినవి. అసలు కథ పోయినది, చూడరాదన్నది మిగిలినది! విధి పరిహాసమంటే ఇదే కాబోలు.

చిత్రం పోయినా, ధ్వని మాత్రం ఒక్క భాగానిదీ పోలేదు. ఇది ఎవరి పుణ్యం? టెలివిజన్ ముందు మైకు పెట్టుకుని, ఇంటిల్లిపాదినీ "ష్.. మాటాడకండి" అని బతిమాలుకుని, టేపు రికార్డరులో పట్టుకున్న కుర్రవాళ్ళ పుణ్యం. వారిని ఆనాడు చూసినవారు ఏమని ఉంటారు? పిచ్చివాళ్ళనే. జాన్ క్యూరా అనే ఛాయాగ్రాహకుడు టెలివిజన్ తెర మీద బొమ్మను క్షణక్షణానికీ ఫోటో తీసి నిర్మాతలకూ నటులకూ అమ్ముకునేవాడు. పోయిన భాగాలు అనేకం ఎలా ఉండేవో నేడు మనకు తెలిసేది ఆ ఫోటోల వల్లనే. 1971 నాటి 'ది డీమన్స్' కథకు రంగు పోయి నలుపు తెలుపు ఫిల్ము మిగిలితే, అమెరికాలో ఒక అభిమాని ఇంటి యంత్రంలో పట్టుకున్న నాసిరకపు రంగుల ప్రతినుండి ఆ రంగును తీసి దీనికి అద్దినారు. అధికారికమైన ప్రతికి అనధికారికమైన ప్రతి ప్రాణం పోసినదన్నమాట.

"జాలంలో అంతా ఉన్నది" అన్న రెండవ ఆక్షేపణకు వస్తాను. 2023 నవంబరులో, అరవైయేళ్ళ పండుగకు, బి.బి.సి. వారు తమ ఐప్లేయర్‌లో ఎనిమిది వందలకు పైగా భాగాలను ఒక్కసారిగా ఉంచినారు. మెచ్చుకోవలసిన పనే. కాని అన్నిటికీ మొదటిదైన కథ, 1963 నవంబరు 23న ఏ కథతో ఇది పుట్టినదో ఆ నాలుగు భాగాలు అందులో లేవు! పోయినందువల్ల కాదు, చక్కగా ఉన్నవి. రచయిత వారసునితో హక్కుల పేచీ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఆ పండుగనాడు మా అల్లుడు నిశ్చింతగా 2006లో కొన్న డీవీడీ తీసి పెట్టుకుని చూసినాడు. అద్దె ఇంటిలో పెరటి చెట్టు కాయను నమ్ముకున్నట్లు జాలాన్ని నమ్ముకున్నవారు ఏమి చూసినారు?

ఒకే కథకు మూడు ప్రతులెందుకన్న ప్రశ్న కూడా అడిగినారు గదా, దానికీ సమాధానమున్నది. మొదటి క్యాసెట్ 1983లో వచ్చినది. ఏది కావాలని అభిమానులను అడిగితే 'టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్' కావాలన్నారట. అది అప్పటికి బి.బి.సి. దగ్గరే లేదు! దానికి బదులు 'రివెంజ్ ఆఫ్ ది సైబర్‌మెన్' ఇచ్చినారు. వెల దాదాపు నలభై పౌండ్లు. నాలుగు భాగాలకు మొదలూ తుదీ కత్తిరించి ఒకే సినిమాగా అతికినారు. మరుసటి ఏడు 'ది బ్రెయిన్ ఆఫ్ మార్బియస్' కథను ఏకంగా గంటసేపటికి కుదించినారు. పాఠాన్ని సంస్కర్త ఇష్టం వచ్చినట్లు కత్తిరించిన ముద్రణ వంటిదది. తరువాతి డీవీడీలలో పూర్తి పాఠం వచ్చినది, గీతలూ మచ్చలూ తుడిచినారు. నలుపు తెలుపు ఫిల్ములో సన్నని చుక్కలుగా దాగిన రంగు సంకేతాన్ని చదివి, పోయిన రంగును రాబట్టిన భాగాలు కూడా ఉన్నవి. ఇవి పరిష్కరణ భేదాలు! భారతానికి పాఠాంతరాలు చూసుకునే మనం, ఇతరులు చూసుకుంటే పిచ్చి అనవచ్చునా?

అయితే సేకర్తలందరినీ నేను నెత్తిన పెట్టుకోను. దాచడం వేరు, దాచివేయడం వేరు. 'ది వెబ్ ఆఫ్ ఫియర్' ఆరు భాగాలూ జోస్‌లో తాను మొదట చూసినప్పుడు ఉన్నవనీ, తీరా చేతికి వచ్చేసరికి మూడవది మాయమైనదనీ మోరిస్ బహిరంగంగానే చెప్పినాడు. ఆయన చెప్పినదే నిజమైతే, దానిని ఎవరో పుచ్చుకుపోయి ఏ ఇనుపపెట్టెలోనో పెట్టుకున్నారు. లోకంలో నాకొక్కనికే ఉన్నదనే ఆనందం కోసం కాబోలు. చెత్తబుట్టలో వేసిన గుమాస్తాకైనా తెలియక చేశాననే సాకు ఉన్నది. ఈ మహానుభావునికి ఆ సాకు కూడా లేదు. వెల తెలిసి, విలువ తెలిసి, కావాలని చేస్తున్న పని. ఫిల్ము చిరంజీవి కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ పులిసి, పులుపు వాసన వేసి, ముడుచుకుపోతుంది. ఆయన దాచుకున్నది ఆయన చేతిలోనే శవమవుతుంది. అయ్యా, ఒక నకలు తీసుకోనిచ్చి మీ పెట్టె మీరే ఉంచుకోండి, ఎవరు కాదన్నారు? సి.పి. బ్రౌను దొర ఊరూరా తాటాకు పుస్తకాలు తెప్పించి నకళ్ళు వ్రాయించినాడే గాని, ఎవరి కంటా పడకుండా తలకింద పెట్టుకుని పడుకోలేదు.

మా అల్లుడు ఆ కథ డిస్కును నాకు వేసి చూపించినాడు. మొదటి రెండు భాగాలలో లండను నేలకింది రైలు సొరంగాలు, సాలెగూడు, పొగమంచు, భయంకరమైన మృగాలు. ట్రౌటన్‌గారి ముఖకవళికలు చూసి తీరవలసినవి. మూడవ భాగం వచ్చేసరికి బొమ్మ ఆగిపోయినది. క్యూరా తీసిన ఫోటోలు ఒకదాని వెంట ఒకటి, వెనుకనుండి ఎవరో పిల్లవాడు పట్టుకున్న మాటలు. ఇరవై అయిదు నిమిషాలు అట్లాగే కూర్చున్నాము. నాలుగవ భాగంలో మళ్ళీ మనుషులు కదలసాగినారు.