నాళాలు లేని కణజాలం నిలవదు

ప్రయోగశాలలో కణజాలం పెంచడం ఇప్పుడు వింత కాదు, దాన్ని బతికించడమే కష్టం. రక్తనాళానికి దాదాపు 0.2 మిల్లీమీటర్లు దాటి ఉన్న కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. మందం పెరిగేకొద్దీ లోపలి భాగం చచ్చిపోతుంది. 2012లో అమెరికా పరిశోధకులు చక్కెరతో నాళాల అచ్చు ముద్రించి, చుట్టూ కణాలు కలిపిన జెల్ పోసి, ఆపై చక్కెరను కరిగించేశారు. మిగిలిన సన్నని దారుల్లో రక్తం పారింది. మిఠాయి పనివాళ్ల ఒడుపే! 2021లో నాళాలున్న కణజాలం పెంచే నాసా పోటీలో నెగ్గిన అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ బృందం సెంటీమీటరు మందమున్న కాలేయ కణజాలాన్ని 30 రోజులు నిలిపింది.

2022లో హైదరాబాద్ శాస్త్రవేత్తలు త్రీడీ ముద్రణతో చేసిన కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) ఘనతే. అయితే కార్నియాకు రక్తనాళాలే ఉండవు. కాలేయానికీ గుండెకూ ఆ వెసులుబాటు లేదు. జంతువులకు బదులు ప్రయోగశాలలో పెంచిన కణజాల నమూనాలపై మందులు పరీక్షించవచ్చని కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. ఆ నమూనాలు నిలవాలంటే నాళాలు కావాలి కనుక, నాళాల పరిశోధనకు ఇక విడిగా నిధులు కేటాయించాలి.