అకారాది లేని నిఘంటువు

అమరకోశము వర్గక్రమమున కూర్చబడిన గ్రంథము. దానిని కంఠస్థము చేసినవానికి పదము వెదకవలసిన పని లేదు. తక్కినవారు శ్లోకము వెంట శ్లోకము చదువుకొనుచు పోవలసినదే. అందుచేతనే ముద్రాపకులు మూలమును కదల్పక, చివర అకారాది పదసూచికను చేర్చిరి. కోట్ల పద్దులు గల నేటి డేటాబేస్ పట్టికలకు ముందుగా కావలసినది కూడ అట్టి సూచికయే యని నా అభిప్రాయము.

పాత మార్కుల పత్రము కొరకు ఒక విద్యార్థి వెంట నేనొక కార్యాలయమునకు వెళ్ళితిని. వాని హాల్‌టికెట్టు పోయినది. పేరు చెప్పి చాలసేపు నిలబడితిమి. "కంప్యూటర్ పాతదండీ, కొత్తది రావాలి" అన్నాడు గుమాస్తా. ఇంతలో ఇంటినుండి నంబరు తెలిసినది. చెప్పినంతనే పత్రము దొరికినది. యంత్రము అదియే. నంబరునకు సూచిక కలదు, పేరునకు లేదని నాకు తోచినది.

ఇట్టి సూచికలలో ముఖ్యమైనది బీ-ట్రీ. బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనువారు దీనిని రూపొందించి 1972లో ప్రకటించిరి. ఒక్కొక్క పుటనుండి 200 దారులు చీలినచో, నాలుగు మెట్లలో 160 కోట్ల పద్దులనుండి కావలసినదానిని చేరవచ్చును. సూచిక లేనిచో అన్నిటిని చదువవలెను. యంత్రమునకు రెట్టింపు వేగము వచ్చినను, పద్దులు రెట్టింపు కాగానే ఆ లాభము హరించును.

అట్లని ప్రతి గడికి సూచిక కట్టరాదు. కొత్త పద్దు చేరినప్పుడెల్ల సూచికలన్నిటిని దిద్దవలసియుండుటచే వ్రాత మందగించును. సంవత్సరము, పేరు అను వరుసలో కట్టిన సూచిక, పేరు మాత్రమే తెలిసినవానికి అంతగా ఉపకరింపదు. అది పదము రెండవ అక్షరముతో నిఘంటువును వెదకుట వంటిది.

మనకు మరొక చిక్కు కలదు. ఉర్దూలో ఒకే విధముగా వ్రాయు పేరు తెలుగున మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ అని మూడు రూపములు దాల్చును. సూచిక వ్రాసిన అక్షరములనే ఎరుగును గాని మనిషిని ఎరుగదు.

కావున కార్యవర్గమువారికి నా మనవి. మన ప్రవేశ రిజిస్టర్లను కంప్యూటర్‌కు ఎక్కించునపుడు, ధ్రువపత్రములోని పేరును అట్లే ఉంచి, వెదకుటకు అనువైన స్థిరరూపమును వేరొక గడిలో వ్రాయించి, దానికి సూచిక కట్టింపవలెను. కొత్త యంత్రము మాట పిదప చూడవచ్చును. విద్యార్థులు కూడ జవాబు ఆలస్యమైనపుడు యంత్రమును నిందింపక, అది ఏ దారిన వెదకుచున్నదో 'ఎక్స్‌ప్లెయిన్' ఆదేశముతో ముందుగా పరిశీలించుట అలవరచుకొందురు గాక.