గాలికి ముహూర్తం ఎవరు పెట్టారు?

మా అమ్మాయి సైన్సు గైడులో విమానం రెక్క బొమ్మ ఉంది. పైన ఉబ్బు, కింద చదును. పక్కన వివరణ: పైదారి పొడవు ఎక్కువ, ముందంచు దగ్గర విడిపోయిన గాలి వెనకంచు దగ్గర ఒకేసారి కలవాలి కాబట్టి పైగాలి వేగంగా పరుగెడుతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది, విమానం లేస్తుంది. నా చిన్నప్పుడు మాస్టారు చెప్పిందీ ఇదే. నేనూ పదిమందికి చెప్పాను. ఆ పాపం కడుక్కోవడానికే ఇది రాస్తున్నాను.

ఒకేసారి కలవాలని ఎవరన్నారు? గాలికేమైనా ముహూర్తం పెట్టారా? అలాంటి నియమం భౌతికశాస్త్రంలో ఎక్కడా లేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో హోల్గర్ బాబిన్‌స్కీ రెక్క మీదుగా పొగ వదిలి వీడియో తీశారు. పైన వెళ్లిన పొగ కిందదాని కోసం ఆగదు సరికదా, దానికంటే ముందే వెనకంచు దాటిపోతుంది.

పోనీ, లెక్క వేద్దాం. సెస్నా 172 నాలుగు సీట్ల బుల్లి విమానం. నిండా ఎక్కితే సుమారు 1,100 కిలోలు, రెక్కల వైశాల్యం 16 చదరపు మీటర్లు. సెకనుకు 60 మీటర్ల వేగంతో పోతోందనీ, రెక్క పైదారి 2 శాతం పొడవనీ అనుకుందాం. గైడు సూత్రం ప్రకారం వచ్చే పీడనాల తేడా 150 కిలోలు కూడా మొయ్యదు. పైలట్‌నూ ఆయన సంచినీ ఎత్తి, విమానాన్ని నేలమీదే వదిలేస్తుందన్నమాట!

వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ విమానాలు తలకిందులుగా కూడా ఎగురుతాయి. అప్పుడు ఉబ్బు కిందికొచ్చినా విమానం కూలదు. 1903లో రైట్ సోదరులు ఎగిరింది పలచగా, వంపుగా ఉన్న రెక్కలతో. వాటికి పైదారికీ కిందదారికీ పొడవులో పెద్ద తేడానే లేదు.

అసలు జరిగేది వేరు. రెక్క ముందంచు కాస్త పైకెత్తి ఉంటుంది. ఆ వాలు వెంట, వంపు వెంట సాగిన గాలి వెనకంచు దగ్గర కిందికి మళ్లుతుంది. రెక్క గాలిని కిందికి తోస్తే, గాలి రెక్కను పైకి తోస్తుంది. ఇంట్లో కుళాయి సన్నగా తిప్పి, చెంచాను కొసన వదులుగా పట్టుకొని, దాని వీపును ధారకు ఆనించండి. ధార వంపు వెంట పక్కకు తిరుగుతుంది, చెంచాను ధార తనవైపు లాక్కుంటుంది. (నీటికి తలతన్యత ఉంది, గాలికి లేదు, పోలిక పూర్తిగా అతకదు. అయినా చేతికి తెలిసే ఆ లాగుడు చూడాల్సిందే.)

వేగం పెరిగితే పీడనం తగ్గుతుందన్న బెర్నూలీ సూత్రం మీద నాకు కక్షేమీ లేదు. రెక్క పైన పీడనం తక్కువన్నదీ, గాలి వేగం ఎక్కువన్నదీ నిజాలే. గాలి వంపు తిరగాలంటే రెక్క దగ్గర పీడనం తగ్గాలి, ఆ తగ్గుదలే ఎదురొచ్చే గాలిని వేగంగా లాగుతుంది. గైడు ఆ వేగానికి అంటగట్టిన కారణమే కట్టుకథ. అదే రెక్కను సుమారు 15 డిగ్రీలు దాటించి ఎత్తితే గాలి పైభాగాన్ని వదిలేస్తుంది, విమానం స్టాల్ అవుతుంది. దారుల పొడవు మారలేదే, మరి ఎత్తేబలం ఎందుకు పడిపోయినట్టు?

పిల్లలకు ఇంతకంటే ఏం అర్థమవుతుందని కొందరు టీచర్లు వాదిస్తారు. బోర్డు మీద ఆ బొమ్మ గీస్తున్నంతసేపూ వాళ్ల నెత్తిమీదే ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్క వట్టి రేకు, పైనా కిందా ఒకటే పొడవు, కాస్త ఏటవాలు. గాలి మాత్రం సుద్దపొడిని టేబుల్ మీంచి ఊడ్చేస్తోంది.